బొమ్మకీ బొరుసుకీ మధ్య అరవై ఏళ్ళు

పతకమా, గుప్పిట్లో ఇమిడే చరిత్రా, నీకు జేజే!

రాజుల విగ్రహాలు నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి మన చేత తలెత్తించుకుంటాయి. తైలవర్ణ చిత్రాలు గోడ మీద నుంచి మనల్ని కిందికి చూస్తాయి. నువ్వు మాత్రం చేతికి వస్తావు. అంచుల్ని రెండు వేళ్ళతో పట్టుకుని కిటికీ వెలుగుకి కాస్త ఏటవాలుగా వంచితే చాలు, ముందు నుదురు మేలుకుంటుంది, తర్వాత ముక్కు, ఆ తర్వాత చెంప. ఇంకాస్త వంచితే ముఖం నీడలోకి జారి కొప్పు వెలుగులోకి వస్తుంది. సగం ప్రపంచం పేరు విని అణిగిన విక్టోరియా మహారాణి ముఖం మీద పొద్దు పొడిపించి పొద్దు గుంకించే హక్కును ఒక మామూలు మనిషి బొటనవేలికి ఇచ్చావు నువ్వు.

ఒక మాట ముందే చెప్పుకుంటాను. ఆమె సింహాసనానికి నేను దణ్ణం పెట్టను. ఆ ముఖాన్ని ఉక్కులో చెక్కిన చేతులకు పెడతాను. అరవై ఏళ్ళ పైచిలుకు ఒక మనిషిని వెంటాడి, ముడత పడితే ముడతనూ ముసుగు పడితే ముసుగునూ చూపించిన నీ ఓర్పుకు పెడతాను. నిన్ను కీర్తి కోసం కొట్టించారు. నువ్వు కాలం తరఫున సాక్ష్యం చెప్పావు.

విక్టోరియా 1837 జూన్ 20న గద్దెనెక్కింది. అప్పటికి పద్దెనిమిదేళ్ళ పిల్ల. 1901 జనవరి 22న ఎనభై ఒక్కేళ్ళ వయసులో కన్ను మూసింది. మధ్యలో అరవై మూడేళ్ళ ఏడు నెలల ఏలుబడి. అంతకు ముందు ఇంగ్లండు గద్దె మీద అంతకాలం కూర్చున్నవాళ్ళు లేరు. పట్టాభిషేకం జరిగితే పతకం, పెళ్ళి జరిగితే పతకం, ఊరికి వస్తే పతకం, వంతెన తెరిస్తే పతకం, యుద్ధం గెలిస్తే పతకం. బంగారంలో, వెండిలో, కంచులో, బీదవాళ్ళ కోసం తగరం కలిపిన తెల్ల లోహంలో. లారెన్స్ బ్రౌన్ 1760 నుంచి 1960 వరకు రెండు వందల ఏళ్ళ బ్రిటిష్ చారిత్రక పతకాలకు మూడు సంపుటాల పట్టిక తయారు చేస్తే, రెండో సంపుటం పూర్తిగా ఈమె ఒక్కతెకే సరిపోయింది. సేకరించేవాళ్ళు ఇప్పటికీ ఆ పట్టికలోని అంకెతోనే నిన్ను పిలుచుకుంటారు. ఇన్ని పతకాలనూ తేదీల వరసన ట్రేలో పేర్చుకుంటూ పోతే, ఇంటి గోడ మీద పెన్సిల్ గీతలతో పిల్లల ఎత్తు కొలిచినట్టు, ఒక జీవితం కొలత మన కళ్ళముందు గీత గీతగా లేస్తుంది.

ఆ వరసలో మొదటి గీత గీసినవాడు విలియం వయన్. 1795లో బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. ఇంటిల్లిపాదీ చెక్కుడు పనివాళ్ళే. 1834లో, విక్టోరియా ఇంకా రాకుమారిగా ఉన్న రోజుల్లో, పదిహేనేళ్ళ ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆమె ముఖాన్ని మలిచాడు. మూడేళ్ళు తిరిగేసరికి ఆ పిల్ల రాణి అయింది. 1837 నవంబరు 9న ఆమె లండన్ నగర సభాభవనం గిల్డ్‌హాల్‌కు విందుకు వెళ్ళినప్పుడు నగరం వేయించిన పతకం మీద అదే ముఖం వెలిసింది. బొరుసు వైపు గిల్డ్‌హాల్ ముఖద్వారం. బొమ్మ వైపు తలకు రత్నాల పట్టీ, వెనక్కి దువ్వి ముడేసిన జుట్టు, మెడ దగ్గర ఎక్కడా తొణకని గీత. చూపు ఎడమవైపుకి. పెదవులు మూసే ఉన్నాయి గానీ బిగించుకుని లేవు. అధికారం అనే బరువు ఇంకా ఆ దవడ మీదికి దిగలేదు.

ఈ పతకాన్ని చూసే హెన్రీ కోర్బౌల్డ్ బొమ్మ గీశాడు. ఆ బొమ్మను చార్లెస్ హీత్, ఆయన కొడుకు ఫ్రెడరిక్ చెక్కారు. 1840 మే నెలలో ప్రపంచంలో మొట్టమొదటి జిగురు తపాలా బిళ్ళ, పెన్నీ బ్లాక్, ఆ ముఖంతోనే వచ్చింది. ఆపైన రాణి చనిపోయేదాకా బ్రిటన్ తపాలా బిళ్ళల మీద ఆమెకు వయసు రాలేదు. భర్త పోయాడు, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, మనవలు రాజ్యాలేలారు. ఉత్తరం మీద మాత్రం పదిహేనేళ్ళ పిల్లే. కాగితం అలా ఆమె వయసును దాచింది. దాచకుండా చెప్పింది నువ్వు, పతకమా. అందుకే నిన్ను వరసలో పెట్టి చూడాలనిపిస్తుంది.

ఆ చెక్కుడు సంగతి ఒకసారి తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. మెత్తటి ఉక్కు దిమ్మ మీద శిల్పి చెక్కేది గుంటగా. ఉబ్బెత్తుగా రావలసిన చెంపను లోతుగా తవ్వాలి. కుడి ఎడమ కావాలి, ఎడమ కుడి కావాలి. కనురెప్ప వెంట్రుకవాసి తప్పితే మనిషి మారిపోతుంది. పని అయ్యాక దిమ్మను కాల్చి, చల్లార్చి గట్టిపరుస్తారు. ఆ వేడికి ఉక్కు పగిలిందంటే నెలల శ్రమ బూడిద. గట్టిపడ్డ అచ్చును స్క్రూ ప్రెస్సులో బిగించి లోహపు బిళ్ళ మీద దెబ్బ కొడతారు. నాణెమైతే ఒక్క దెబ్బతో తేలిపోతుంది. పతకం మీద బొమ్మ ఎత్తు ఎక్కువ కాబట్టి ఒక్క దెబ్బకి లోహం లేవదు. కొట్టాలి, బిళ్ళను కాల్చి మెత్తబరచాలి, మళ్ళీ అదే గాట్లో వెంట్రుకంత తేడా లేకుండా కూర్చోబెట్టి కొట్టాలి. ఎన్నోసారికో ముక్కు కొస అచ్చు అడుగును తాకుతుంది. మనం అరచేతిలో పట్టుకునే ఆ నున్నటి చెంప అన్ని నిప్పులూ అన్ని దెబ్బలూ ఓర్చుకుని వచ్చింది.

1838 జూన్ 28 నాటి పట్టాభిషేకానికి అధికారిక పతకం మాత్రం వయన్ చేతికి రాలేదు. రోములో పుట్టి లండన్ చేరిన బెనెడెట్టో పిస్ట్రూచీ దాన్ని చేశాడు. సవరన్ బంగారు నాణెం వెనక గుర్రమెక్కి డ్రాగన్‌ను చంపే సెయింట్ జార్జిని చెక్కింది ఈయనే. వయన్‌కీ ఈయనకీ టంకశాలలో పడేది కాదు. నిన్ను సేకరించేవాడికి ఆ పోటీ ఒక వరం. ఇద్దరి పతకాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. కాలం దాదాపు ఒకటే, మనిషి ఒకతే, వచ్చిన ముఖాలు రెండు. వయన్‌కు ఆమెలో యౌవనం కనబడింది, పిస్ట్రూచీకి ప్రాచీన రోము కనబడింది. ముఖం ఎదుటివాడిదైనా, పోలిక చెక్కినవాడి చూపుదని ఈ రెండు బిళ్ళలు నేర్పినంత తేలిగ్గా నాకు మరేదీ నేర్పలేదు.

తర్వాత పెళ్ళి. తర్వాత 1851. హైడ్ పార్కులో గాజు మేడ లేచింది, అందులో ప్రపంచ దేశాల పనితనం కొలువుదీరింది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని మనవాళ్ళు చెప్పుకునే కోహినూర్ కూడా ఆ మేడలోనే జనం చూపులకు నిలబడింది. బహుమతి పొందినవాళ్ళకు ఇచ్చిన పెద్ద కంచు పతకం మీద వయన్ రెండు ముఖాల్ని కలిపి చెక్కాడు, విక్టోరియా, ఆమె పక్కనే ఆల్బర్ట్. ఒక ముఖం వెనక నుంచి ఇంకో ముఖం తొంగి చూస్తూ, ఒకే దిక్కుకు చూపు సారించిన దంపతులు. బొరుసు వైపు చెక్కింది వయన్ కొడుకు లెనార్డ్ చార్లెస్. తండ్రి ఒక పక్క, కొడుకు ఇంకో పక్క. ఆ ఏడు అక్టోబరులోనే విలియం వయన్ కన్ను మూశాడు. ఉలి చేతులు మారిన క్షణం ఆ కంచులో అలాగే నిలిచిపోయింది.

1861 డిసెంబరు 14న ఆల్బర్ట్ పోయాడు. రాణి నల్లబట్ట కట్టింది, బతికినంతకాలం దాన్ని విడవలేదు. ట్రేలో వేలు ముందుకు జరిపే కొద్దీ ఆ మార్పు తెలుస్తుంది. జంట ముఖాలు ఒంటరివవుతాయి. రత్నాల పట్టీ ఉన్న తల మీదికి విధవ ముసుగు దిగుతుంది. ఏ శాసనమూ ఆ దుఃఖాన్ని ప్రకటించనక్కర్లేదు. పతకం ప్రకటించింది.

ఇక్కడ తెలుగువాడి వేలు ఒక పతకం మీద ఆగిపోవాలి. 1877 జనవరి 1 తేదీ వేసి ఉన్న పతకం అది. ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ దర్బారు తీర్చి, విక్టోరియాను హిందూదేశపు చక్రవర్తినిగా ప్రకటించిన రోజు. బొమ్మ వైపు కిరీటం, ముసుగు. బొరుసు వైపు కైసర్-ఇ-హింద్ అని ఫారసీలో, ఇంగ్లీషులో, దేవనాగరిలో. సంస్థానాధీశులకు బంగారంలో, వాళ్ళకన్నా కిందివాళ్ళకు వెండిలో, మెడలో వేలాడేసుకునేట్టు పట్టీతో పంచారు. పదేళ్ళ నిజాము మహబూబ్ అలీఖాన్ కూడా దివాను సాలార్జంగు వెంట ఆ దర్బారుకు వెళ్ళాడు. అదే రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ధాత కరువు. కర్నూలు, కడప, బళ్ళారి సీమల్లో చెరువులు ఎండి, పశువులు పడిపోయి, మనుషులు గంజి కేంద్రాల దారిలోనే రాలిపోతున్నారు. లక్షల మంది పోయారు. ఆ జనవరిలోనే, కరువు చూసి రమ్మని సర్కారు పంపిన రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని మనిషికి రోజుకు పౌను ధాన్యం, దాని మీద ఒక అణా దాకా తగ్గించాడు. పతకం మీద ఆ సంగతి ఒక్క అక్షరం లేదు. అది లేదని తెలిసినవాడే ఆ పతకాన్ని నిజంగా సేకరించినట్టు. నేను దాన్ని ట్రేలోంచి తీసెయ్యను. తీసేస్తే దర్బారూ మరుపులో పడుతుంది, కరువూ పడుతుంది. దాని కింద పెట్టే చీటీలో రెండూ రాస్తాను.

ఆమె ఎన్నడూ సముద్రం దాటి మన దేశం రాలేదు. ముఖం మాత్రం ముందే వచ్చింది. 1840 కంపెనీ రూపాయి మీద నవయౌవనంతో వచ్చింది. 1862 నుంచి కిరీటం పెట్టుకుని, పూల అల్లికల రవిక తొడుక్కుని వచ్చింది. ఇంగ్లండు నాణేల మీద ఆమె ముదుసలి అయినా మన రూపాయి మీద ఆఖరుదాకా ఆ నడివయసు దాటలేదు. సరిగ్గా తులం ఎత్తు తూగే ఆ వెండి బిళ్ళను మన అమ్మమ్మలు బంగారం తూచడానికి రాయిగా వాడుకున్నారు, పిల్లల మొలతాడుకు గుచ్చారు, కట్నకానుకల్లో లెక్కపెట్టారు. బంగారు సవరన్లను కాసులపేరులోకి ఎక్కించారు. పతకాలు దొరల మెడల్లోకి వెళితే, రాణిగారి బొమ్మ రూపాయి అలా మన గడపలోకి వచ్చి కూర్చుంది. మన ప్రాంతంలో ఈ పతకాల మీద మనసు పడ్డవాళ్ళలో చాలామందికి మొదటి ముఖపరిచయం ఆ రూపాయితోనే.

సిపాయిల పతకాల గురించి చెప్పకపోతే ఈ స్తుతి సగమే. 1854లో మొదలైన ఇండియా జనరల్ సర్వీస్ మెడల్ మీద వయన్ చెక్కిన ఆ పట్టీ తల ఉంటుంది. దాని రిబ్బను మీద బిగించే క్లాస్పుల్లో, అంటే యుద్ధం పేరు చెక్కిన లోహపు పట్టీల్లో, మొదటిది పెగూ. 1852–53 బర్మా యుద్ధానికి ఇచ్చింది. మద్రాసు పటాలాలు ఓడలెక్కి ఆ యుద్ధానికి వెళ్ళాయి, ఆ పటాలాల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు. 1885–87 బర్మా పోరాటాలు వచ్చేసరికి ఇదే పతకాన్ని పోరాడినవాళ్ళకు వెండిలోనూ, వాళ్ళ వెంట నడిచిన దేశీయ పనివాళ్ళకు కంచులోనూ ఇచ్చారు. డోలీలు మోసినవాళ్ళకీ నీళ్ళు మోసినవాళ్ళకీ కంచు. ముఖం ఒకటే, లోహం వేరు. ఇలాంటి పతకం దొరికితే ముఖం తర్వాత చూడండి, ముందు అంచు చూడండి. భూతద్దం పెట్టి మెల్లగా తిప్పితే గుండ్రంగా నడిచే సన్నటి అక్షరాలు కనబడతాయి. నంబరు, పదవి, పేరు, పటాలం. పతకం మొత్తంలో రాణికి చెందని చోటు ఆ అంచు ఒక్కటే. అక్కడ మన మనిషి ఉన్నాడు.

1887 వచ్చింది. యాభై ఏళ్ళ పండుగ. వియన్నాలో పుట్టిన శిల్పి జోసెఫ్ ఎడ్గర్ బోహెమ్ అధికారిక పతకానికి ముఖం చేశాడు, చిత్రకారుడు ఫ్రెడరిక్ లైటన్ బొరుసు వైపు సామ్రాజ్యాన్ని సింహాసనం మీద కూర్చోబెట్టాడు. బోహెమ్ అదే ఏడు నాణేలకు చేసిన ముఖం మీద చిట్టి కిరీటాన్ని చూసి లండన్ జనం పెదవి విరిచారు, ఆరేళ్ళలో దాన్ని మార్చేశారు. నాకు మాత్రం ఆ ముఖం ఇష్టం. బుగ్గలు దిగాయి, గడ్డం బరువెక్కింది, కళ్ళ కింద ఉబ్బు వచ్చింది. వయన్ చూపించిన పిల్ల అందులోనే ఉంది, ఓపిగ్గా వెతికితే ముక్కు గీతలో దొరుకుతుంది. ఆ పండుగకే మన బెజవాడలో జూన్ 27న కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సెవెల్ ఒక భవనానికి పునాదిరాయి వేశాడు. అదే విక్టోరియా జూబిలీ మ్యూజియం, ఇప్పుడు బాపు మ్యూజియం. రాణి పండుగకు లేచిన భవనం ఉన్న ఆ ఊళ్ళోనే 1921లో కాంగ్రెసు సభలు జరిగాయి, పింగళి వెంకయ్య జెండాను గాంధీజీ చేతికి అందించింది అప్పుడే. పతకానికే కాదు, ఊరికీ బొమ్మా బొరుసూ ఉంటాయి.

ఇంగ్లండు ఊళ్ళలో బడిపిల్లలకు పంచిన పతకాలు మరో లోకం. పైన చిల్లు, చిల్లులో రిబ్బను ముక్క. తేలికైన తెల్ల లోహం, గోరు గీసినా గీత పడుతుంది. ఆ పండుగ రోజు చొక్కాకు గుచ్చుకుని ఊరేగింపులో నడిచిన పిల్లవాడి వేళ్ళకు రాణి ముక్కు అరిగిపోయి ఉంటుంది. బంగారు పతకం పెట్టెలో పడుకుని మెరుస్తూ ఉండిపోయింది. తగరపు పతకం బతికింది. అరిగిన చోట చేయి వేసినప్పుడల్లా ఎవరో చిన్నవాళ్ళ వేలు తగిలినట్టే ఉంటుంది నాకు.

ఇక నిన్ను చేతిలోకి తీసుకుంటాను, 1897 పతకమా, అన్నిటిలోకీ తలమానికమా.

అంతకు ముందు ఏడు సెప్టెంబరులోనే ఆమె తన తాత మూడో జార్జి ఏలుబడి కాలాన్ని దాటేసింది. సంబరాలు అప్పుడే వద్దు, అరవై ఏళ్ళూ నిండనివ్వండని చెప్పింది. నిండాయి. 1897 జూన్ 22న లండన్ వీధుల్లో ఊరేగింపు సెయింట్ పాల్స్ దాకా సాగింది. టంకశాల పతకం వేసింది. పెద్దది అయిదున్నర సెంటీమీటర్లు, చిన్నది దాంట్లో సగం. బొమ్మ వైపు థామస్ బ్రాక్ మలిచిన ముసలి ముఖం. కిరీటం చిన్నది, ముసుగు పెద్దది. ముసుగు మడతలు చెవి వెనక నుంచి జారి భుజం మీద పడతాయి. కనురెప్ప బరువుగా వాలి ఉంటుంది. ముక్కు పక్క నుంచి నోటి కొస దాకా దిగిన గాడిలో వెలుగు పెడితే నీడ నిలబడుతుంది. శిల్పి అక్కడ ఏదీ తుడవలేదు. ముసలితనాన్ని గౌరవించడమంటే దాన్ని ఉన్నదున్నట్టు చూడడమేనని ఆయన ఉలికి తెలుసు.

తిప్పండి. బొరుసు వైపు వయన్ పిల్ల! అదే జుట్టు ముడి, అదే నున్నటి మెడ, పక్కన 1837. అరవై ఏళ్ళ కిందటి ఒక శిల్పి, అప్పటికి పోయి నలభై ఏళ్ళు దాటినవాడు, కొత్త శిల్పితో వీపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. రెండు ముఖాలూ ఎడమవైపే చూస్తున్నాయి, కానీ ఒకరినొకరు ఎప్పటికీ చూసుకోలేరు. ఆ రెంటినీ చూడగలిగింది పట్టుకున్నవాడే. వాళ్ళిద్దరి మధ్య ఉన్నది కొద్దిపాటి మందం లోహం. ఆ మందంలో రైలు పట్టాలు పడ్డాయి, తంతి తీగలు సముద్రం కిందికి దిగాయి, తొమ్మిదిమంది పిల్లలు పుట్టారు, భర్త పోయాడు, సిపాయిలు తిరగబడ్డారు, కంపెనీ పోయి సర్కారు వచ్చింది, ధాత కరువు వచ్చింది, ఒక మనిషి ముసలిదయింది. ఏ చరిత్ర పుస్తకానికీ ఇంత పొదుపు చేతకాదు. రాజభక్తి కోసం కొట్టించిన బిళ్ళ మీద, రాణికైనా దాసికైనా కాలం ఒకేలా నడుస్తుందన్న మాట ఇంత సూటిగా పడుతుందని కొట్టించినవాళ్ళు అనుకుని ఉండరు. అందుకే, పతకమా, నీ పాదాలకు కాదు, నీ అంచులకు మొక్కుతాను.

నిన్ను దాచుకోవడమూ ఒక విద్యే. ఇంట్లో ఎవరో ప్రేమ కొద్దీ చింతపండు పెట్టి తోమితే వందేళ్ళుగా పట్టిన గోధుమ రంగు పూత ఒక్క పూటలో పోతుంది, మళ్ళీ రాదు. ఆ పూత మురికి కాదు, లోహం గాలితో చేసుకున్న నెయ్యం. పచ్చగా, పొడిగా రాలే కిలుము వేరు, దాన్ని తెలిసినవాళ్ళ చేత తీయించాలి. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెడితే ఏళ్ళు గడిచేసరికి జిగట పట్టి లోహాన్ని తింటాయి. పొడిగా ఉండే చెక్క ట్రే, గుడ్డ పరుపు, వానాకాలంలో పక్కన సిలికా జెల్ పొట్లం చాలు. కొనేటప్పుడు అంచు చుట్టూ సన్నటి అతుకు గీత ఉందేమో చూడండి. రెండు పలుచటి రేకుల్ని అతికించి చేసిన ఎలక్ట్రోటైపు నకళ్ళు అక్కడే పట్టుబడతాయి. అసలు పతకం ఒకే ఒంటితో పుట్టింది.

వెండి ధర ఎగిసినప్పుడల్లా పాత ట్రంకుపెట్టెల అడుగు నుంచి ఇలాంటివి కంసాలి మూసలోకి వెళ్ళిపోతున్నాయి. తులాల లెక్కన చూస్తే అది కాస్త వెండే. మీ ఇంట్లో ఒకటుంటే కరిగించకండి. దాని కింద చిన్న చీటీ రాసి పెట్టండి. ఎవరు వేయించారు, ఎవరి చేతికి వచ్చింది, ఆ ఏడు మన ఊళ్ళో ఏం జరుగుతోంది, ఈ మూడూ రాయండి. అంచు మీద సిపాయి పేరుంటే దాన్ని తెలుగు అక్షరాల్లో రాయండి. రాణి పేరు పతకమే చెప్పుకుంటుంది. మిగతావాళ్ళ పేర్లు చెప్పవలసింది మనం.